కోడింగ్ రాదా? అయితే ముందు యాప్ జోలికి వెళ్ళకండి

హైదరాబాద్ కేపీహెచ్‌బీలో ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో ఆర్డర్లు తీసుకుని బ్లౌజులు కుట్టించి ఇస్తుంటాను. నాది బీకాం, కోడ్ ఒక్క లైను రాయడం రాదు. "ఆలోచన ఉంది, సాఫ్ట్‌వేర్ తెలీదు, ఎలా మొదలుపెట్టాలి" అని అడిగేవాళ్ళకి నేను మొదట చెప్పే మాట, ఇప్పుడప్పుడే యాప్ కట్టించకండి అని. నేను కట్టించాను, లక్షన్నర పెట్టి, అయిదు నెలలు ఎదురుచూసి. కొలతలు నింపడానికి అందులో పద్నాలుగు గడులు పెట్టించాను, ముందు మెడ, వెనక మెడ, షోల్డర్, చంక చుట్టుకొలత అన్నీ. తీరా చూస్తే టేపు పట్టుకుని కొలుచుకున్నవాళ్ళే లేరు. బాగా కుదిరిన పాత కొలత జాకెట్ బీరువాలోంచి తీసి "అచ్చం ఇలాగే కుట్టించమ్మా, చేతులు మాత్రం ఒక అంగుళం పొడుగు" అంటారు, అంతే. మా అపార్ట్‌మెంట్లో నలుగురు ఆంటీలని కూర్చోబెట్టి అడిగి ఉంటే ఈ సంగతి ఒక్క సాయంత్రంలో తేలిపోయేది.

అందుకే మొదటి ఇరవై ఆర్డర్లూ ఫోన్‌తోనే చేయండి. వాట్సాప్ బిజినెస్ ఉచితం, కేటలాగ్‌లో రేట్లు పెట్టుకోవచ్చు, ఒక్కో చాట్‌కి లేబుల్ తగిలించుకోవచ్చు. నా లేబుళ్ళు నాలుగే: జాకెట్ తీసుకున్నాం, మాస్టర్ (కుట్టే టైలర్) దగ్గర, ఆల్టరేషన్, డబ్బులు రావాలి. గూగుల్ షీట్‌లో ఆర్డర్‌కో వరుస, చెల్లింపుకి యూపీఐ క్యూఆర్. వెబ్‌సైట్ లేదని చిన్నబుచ్చుకోవద్దు, శుక్రవారం పూజకి జాకెట్ అందిందా లేదా అన్నదే వాళ్ళకి కావాలి.

ఇరవై అయ్యాక లెక్క చూడండి, ఇక్కడ మాత్రం తొందరపడకండి. లైనింగ్ బ్లౌజుకి నేను 600 తీసుకునేదాన్ని, మాస్టర్‌కి 350, తేవడానికి ఒక బైక్ ట్రిప్పు, ఇవ్వడానికి ఇంకొకటి, ట్రిప్పు 60 చొప్పున 120. మిగిలేది 130. చంకలో పట్టేస్తోందని జాకెట్ ఒక్కసారి వెనక్కి వచ్చిందంటే ఇంకో రెండు ట్రిప్పులు, చేతిలో పది రూపాయలు. నెలంతా టెన్షన్ పడుతూ, రాత్రి పదింటికి కూడా ఫోన్లు ఎత్తుతూ, డబ్బులు ఎటు పోతున్నాయో తెలియక తల పట్టుకున్న నాకు ఆ షీట్ చూశాకే అర్థమైంది. ఒక్కో అపార్ట్‌మెంట్‌కి వారంలో రెండే రోజులు పెట్టాను, మంగళ, శనివారాలు. ఒకే ట్రిప్పులో ఎనిమిది జాకెట్లు వస్తే ఒక్కోదాని మీద ఆ ట్రిప్పు ఖర్చు ఏడెనిమిది రూపాయలకి దిగిపోతుంది. ఈ మార్పు ఏ యాప్ వల్లా రాలేదు.

ఇక మార్కెటింగ్. మొదట్లో ఇన్‌స్టాగ్రామ్‌లో బూస్ట్ (పోస్టుని డబ్బులిచ్చి ప్రకటనగా చూపించడం) నొక్కి 4,000 పోశాను, హైదరాబాద్ మొత్తానికీ. ఉప్పల్ నుంచి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెసేజీలే మెసేజీలు, వాటిలో ఒక్కటీ నేను చేయగలిగింది కాదు. ప్రకటన ఇస్తే మీ బండి చేరగలిగే దూరానికే ఇవ్వండి, ప్రాంతం ఎంచుకునే చోట పిన్ పెట్టి మూడు నాలుగు కిలోమీటర్లు చాలు, నొక్కగానే వాట్సాప్ తెరుచుకునేలా పెట్టండి. అంతకంటే నాకు పనిచేసింది అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు. మీరు వెళ్ళి పోస్ట్ పెడితే అడ్మిన్ తీసేస్తారు, అదే గ్రూపులో ఉండే ఒక కస్టమర్ "అమ్మాయి చెప్పిన రోజుకి ఇచ్చింది" అని ఫొటో పెడితే ఆ రాత్రికే ఆరేడు మెసేజీలు వస్తాయి. జాకెట్ చేతిలో పెట్టి, తొడుక్కుని సరిపోయిందన్నాక, అప్పుడే అడగండి. మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్‌లో వెతికితే కనిపించే మీ వ్యాపారం పేజీ) రివ్యూ లింకు కూడా అప్పుడే పంపండి. మీ నంబరు సేవ్ చేసుకోమని కూడా చెప్పండి, ఎందుకంటే ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని పెట్టుకోవచ్చు గానీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే మెసేజ్ వెళ్తుంది.

మీ సరుకుకి ఏ నెల గిరాకీయో ముందే తెలుసుకోండి. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, బోనాలకి కొంత గిరాకీ ఉన్నా మాస్టర్లకి కాస్త తీరిక ఉంటుంది. శ్రావణం వచ్చిందంటే వరలక్ష్మీ వ్రతం, ఆ వెనకే పెళ్ళిళ్ళు, ఏ మాస్టరూ దొరకరు. అందుకని నేను ఆషాఢం మొదటి వారంలోనే "శ్రావణం జాకెట్లు ఇప్పుడే ఇచ్చేయండి" అని పంపుతాను.

కాగితాల పని అనుకున్నంత లేదు. చిన్న వ్యాపారాల నమోదు, అంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, ఫీజు అడిగే సైట్ల వైపు వెళ్ళకండి. సేవల వ్యాపారానికి మామూలుగా ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. కొత్త వ్యాపారాలకి సాయం చేసే టీ-హబ్ రాయదుర్గంలో ఉంది, అలాగే ఆడవాళ్ళ కోసం 2018లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన వీ హబ్ ఉంది, తప్పకుండా వెళ్ళండి, కాకపోతే నెల రోజుల షీట్ చేతిలో పట్టుకుని వెళ్ళండి.

డెవలపర్ అవసరం తర్వాత నిజంగానే వస్తుంది. అప్పుడు డొమైన్ (సైట్ పేరు), హోస్టింగ్ (సైట్ ఉండే చోటు), గిట్‌హబ్ (కోడ్ దాచే చోటు), ప్లే స్టోర్ ఖాతా (ఒక్కసారి కట్టేది 25 డాలర్లు) అన్నీ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో తెరిచి, ఆయనకి అనుమతి మాత్రమే ఇవ్వండి. నా మొదటి డొమైన్ యాప్ కట్టిన అతని పేరు మీదే ఉండిపోయింది, అతను ఫోన్ ఎత్తడం మానేశాక నా వ్యాపారం పేరే మార్చుకోవాల్సి వచ్చింది, అప్పటికే అచ్చేసిన అయిదు వందల కవర్లు వృథా. డబ్బు కూడా పని అయినకొద్దీ విడతల్లో ఇవ్వండి.

ఏం కట్టించాలో మీ ఫోనే చెబుతుంది. నాకు రోజూ ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న "నా జాకెట్ ఎంతవరకు వచ్చింది?" అని. లింకు నొక్కితే జాకెట్ ఎక్కడుందో చూపించే ఒక్క పేజీ, నా షీట్‌లోంచే చదివేలా, అది మాత్రమే రెండోసారి కట్టించుకున్నాను. పన్నెండు వేలు, మూడు వారాలు పట్టింది, ఇప్పుడు రాత్రి పదింటికి ఫోన్లు రావడం లేదు.