ఇంటి లోన్ ముందే తీర్చుకోవడం – ఐదో పాఠం: బ్యాంకుకు రాసివ్వాల్సిన ఆ ఒక్క ముక్క

ఈసారి ఖర్చుల డబ్బాల గురించి చెప్తానని పోయిన పాఠంలో మాటిచ్చాను. అది వచ్చే పాఠానికి వాయిదా. ఎందుకంటే నాలుగో పాఠం చదివి మొదటి లక్ష లోన్లో కట్టినవాళ్లు వరసగా ఫోన్లు చేశారు. కాజీపేట అక్క గొంతులో సంబరం ఇంకా నా చెవిలోనే ఉంది. “చెల్లే, నువ్వు చెప్పినట్టే లక్ష కట్టినం. ఈఎంఐ తొమ్మిది వందలు తగ్గింది. గల్లీ మొత్తం స్వీట్లు పంచిన.”

నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. స్వీట్ల ఖర్చు సంగతి అటుంచండి, అక్క కట్టిన లక్ష చెయ్యాల్సిన పనిలో మూడో వంతు కూడా చెయ్యలేదు. తప్పు అక్కది కాదు, నాది. “లక్ష కట్టండి” అని రాశాను కానీ కట్టేటప్పుడు బ్యాంకుకు ఏం చెప్పాలో రాయలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను. నాకు మాత్రం పుట్టుకతో తెలుసా? 2016 ఎండాకాలంలో మా ఆయన షాపులో కూలర్లు, మోటార్ వైండింగ్ గిరాకీ బాగా నడిచి లక్ష మిగిలితే, కౌంటర్లో కట్టి రసీదు తీసుకుని వచ్చేశాను. ఈఎంఐ తగ్గించారని పద్నాలుగు నెలల తర్వాత స్టేట్‌మెంట్ చూస్తే తెలిసింది. ఆ బ్యాంకు పేరు చెప్పను, ఇప్పుడా గొడవ ఎందుకు.

నర్సంపేట తమ్ముడిది ఇంకో రకం. ఫోన్లోంచి నేరుగా లోన్ ఖాతాకు డబ్బు పంపాడు. వాళ్ల బ్యాంకు దాన్ని అడ్వాన్స్ ఈఎంఐ కింద రాసుకుని, వరసగా నాలుగు నెలలు జీతం ఖాతా జోలికి రాలేదు. “అక్కా, ఏదో సెలవు ఇచ్చినట్టుంది” అన్నాడు. ఇక పరకాల సారు జూన్‌లో పిల్లల ఫీజుకు పెట్టుకున్న డబ్బు కూడా మేలోనే లోన్లో వేసి, జూన్‌లో భార్య గొలుసు తాకట్టు పెట్టారు. ఆయనకు ఒక్కటే మాట: ముందు మూడు ఈఎంఐలంత డబ్బు, ఆపైన ఏడాది ఫీజు విడిగా ఉండాలి. అవి పోగా మిగిలిందే లోన్‌కు. అంతకు మించి చెప్పడానికి అందులో ఏమీ లేదు.

ఈ పాఠమంతా అక్క చిక్కు గురించే.

లెక్కకు 25 లక్షల లోన్ అనుకుందాం. మిత్తి 8.5 శాతం, ఇరవై ఏళ్లు. ఈఎంఐ రూ. 21,696 వస్తుంది. మొదటి నెల మిత్తి ఎంతో చూడాలంటే బాకీని 8.5తో గుణించి 1200తో భాగించండి. 17,708. అంటే మనం కట్టిన 21,696లో అసలుకు పోయింది 3,988 మాత్రమే. రెండో నెల మిత్తి 17,680, అసలు 4,016. ఇలా నత్తలాగా నడుస్తుంది. మూడేళ్లు, 36 ఈఎంఐలు, మొత్తం 7 లక్షల 81 వేలు కట్టాక బాకీ ఎంత తగ్గిందో తెలుసా? ఒక లక్షా 63 వేలు. ఇంకా 23 లక్షల 37 వేలు ఉంటుంది, 204 నెలలు మిగిలి ఉంటాయి.

సరిగ్గా అక్కడ మనం లక్ష కట్టామనుకోండి. బాకీ 22 లక్షల 37 వేలు అయింది. ఇప్పుడు బ్యాంకు ముందు రెండు దారులు.

ఒకటి, 204 నెలలు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించడం. కొత్త ఈఎంఐ 20,768. నెలకు 928 తగ్గింది. చివరి దాకా చూసుకుంటే మిగిలే మిత్తి దాదాపు 89 వేలు. రెండోది, ఈఎంఐ 21,696 దగ్గరే ఉంచి నెలలు తగ్గించడం. 204 కాస్తా 186 అవుతాయి. పద్దెనిమిది ఈఎంఐలు ఎగిరిపోతాయి. మిగిలే మిత్తి 2 లక్షల 97 వేలు. అదే లక్ష, అదే రోజు, అదే కౌంటర్. తేడా మాత్రం రెండు లక్షల పైచిలుకు.

“ఆ 928 నెలనెలా మళ్లీ లోన్లోనే వేస్తే రెండూ ఒకటే కదా” అని లెక్క తెలిసినవాళ్లు అడుగుతారు. నిజమే, కాగితం మీద దాదాపు ఒకటే. కానీ అలా వేసిన ఇల్లు నేనైతే చూడలేదు. 928 అంటే రోజుకు ముప్పై రూపాయలు. సాయంత్రం ఒక ప్లేటు మిర్చి బజ్జీ, ఒక చాయ్. ఎక్కడ పోయిందో కూడా తెలియదు. పద్నాలుగు నెలల్లో మా ఇంట్లో పోయింది అలాగే. అడిగితే మా ఆయన, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఉద్యోగం ఊగుతున్నవాళ్లు, ఇంట్లో ఒక జీతం ఆగిపోయినవాళ్లు ఈఎంఐ తగ్గించుకోవచ్చు. వాళ్లకు ఆ నెల గడవడమే ముఖ్యం. మిగతావాళ్లు ఎవరైనా సరే, ఈఎంఐ తగ్గిందని నాకు సంతోషంగా చెప్పకండి.

కొన్ని బ్యాంకుల్లో అడగకపోయినా నెలలే తగ్గుతాయి. కొన్నింటి యాప్‌లో రెండింట్లో ఏదని అడుగుతుంది. మీ బ్యాంకు ఏ రకమో ఊహించుకోవద్దు. తెల్ల కాగితం మీద ఇలా రాసివ్వండి:

“నా హౌసింగ్ లోన్ ఖాతాలో ఈ రోజు రూ. 1,00,000 అసలు కింద పార్ట్ పేమెంట్‌గా కడుతున్నాను. నా ఈఎంఐ రూ. 21,696 ఇప్పుడున్నట్టే ఉంచి, మిగిలిన కాలాన్ని తగ్గించగలరు. దీన్ని అడ్వాన్స్ ఈఎంఐగా జమ చేయవద్దు. మార్చిన రీపేమెంట్ షెడ్యూల్ ఇప్పించగలరు.”

రెండు కాపీలు. ఒకదాని మీద అందినట్టు స్టాంపు, తేదీ, సంతకం వేయించుకుని తెచ్చుకోవాలి. రెండోసారి కట్టడానికి నేను వెళ్లినప్పుడు కౌంటర్లో అబ్బాయి, “అదే అయిపోతుంది మేడమ్, కాగితం ఎందుకు” అన్నాడు. వెనక లైనులో పదిమంది. ఒకాయన దగ్గాడు కూడా. నేను స్టాంపు ప్యాడ్ వంక చూస్తూ నిలబడ్డాను. చివరికి ప్యాడ్ ఎండిపోయి ఉంటే, ఆ అబ్బాయి రెండు చుక్కల నీళ్లు పోసి మరీ వేశాడు. ఆ మసక స్టాంపు కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది.

ముందే కడితే జరిమానా వేస్తారేమో అని భయపడేవాళ్లకు: మిత్తి రేటు మారుతూ ఉండే ఇంటి లోన్ వ్యక్తుల పేరు మీద ఉంటే బ్యాంకులు అలాంటి ఛార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. రేటు మారని లోన్ అయితే మీ అగ్రిమెంట్ చదువుకోండి. ట్యాక్స్ మినహాయింపు పోతుందనేవాళ్లు ముందు తాము ఏ పద్ధతిలో రిటర్న్ వేస్తున్నారో చూసుకోండి. కొత్త పద్ధతిలో సొంతంగా ఉంటున్న ఇంటి మిత్తికి మినహాయింపే లేదు. పాతదాంట్లో ఏడాదికి 2 లక్షల దాకా.

ఇదే చిక్కు ఇంకో వేషంలో కూడా వస్తుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు, అంటే బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే మిత్తి రేటు, 4 నుంచి 6.5 శాతానికి పోయింది. అప్పుడు చాలా ఇళ్లలో ఈఎంఐ కదలలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. లోపల నెలలు పెరిగాయి. మా చెల్లెలి లోన్‌కు అలా నాలుగేళ్లు అతుక్కున్నాయి. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకుంటారా, కాలం పెంచుకుంటారా అని బ్యాంకు అడగాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. ఎన్ని ఈఎంఐలు మిగిలాయో చూపే స్టేట్‌మెంట్ మూడు నెలలకోసారి ఇవ్వాలని కూడా. తర్వాత 2025లో రెపో 6.5 నుంచి 5.25కు దిగింది. ఆ తగ్గింపు మీ లోన్‌కు వచ్చి ఈఎంఐ తగ్గి ఉంటే, పాత ఈఎంఐనే కోయమని రాసివ్వండి. చేతిలోంచి ఒక్క రూపాయి అదనంగా పెట్టకుండా నెలలు తగ్గే అవకాశం ఇది. అదే కాగితం, లక్ష లైను తీసేసి.

“లక్ష ఒకేసారి ఎక్కడిది అక్కా” అనేవాళ్ల కోసం ఇంకో లెక్క. అదే లోన్, నాలుగో ఏడు మొదటి నెల నుంచి 2,000 ఎక్కువ, అంటే 23,696 కడితే 204 నెలల లోన్ 170 నెలల్లో తీరుతుంది. అంటే 34 నెలలు ముందే, మూడేళ్లకు రెండు నెలలు తక్కువ. మిత్తిలో మిగిలేది 4 లక్షలకు కొంచెం అటూ ఇటూ.

మా ఇంట్లో ఆ రెండు వేలు ఎక్కడ దొరికాయో చెప్తాను. ఆదివారం హన్మకొండ చౌరస్తా నుంచి బిర్యానీ పార్సిల్ నలుగురికి 800 అయ్యేది. నెలకు నాలుగు. దాన్ని ఒకటి చేశాం. మిగతా మూడు ఆదివారాలు ఇంట్లో చికెన్, వారానికి 300. అంటే 2,400 మిగిలి 900 ఖర్చయింది, చేతికి 1,500. మిగతా 500 మొదట్లో కూరగాయల్లో కష్టపడి కోశాను. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి కింద ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం అయ్యాక నా బస్సు డబ్బులోనే అది వచ్చేసింది. కూరగాయల మీద మళ్లీ చెయ్యి పెట్టలేదు. పిల్లలకు ఆకుకూర, పండు తగ్గించి లోన్ కట్టడం నాకు నచ్చదు. ఎవరైనా అలా చేస్తుంటే మానెయ్యండి.

కారం కూడా కొనం. ఫిబ్రవరి, మార్చిలో ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చినప్పుడు నేను, మా తోటికోడలు, పక్కింటి వదిన కలిసి తెచ్చుకుంటాం. రంగుకు చపాటా, ఘాటుకు తేజ. రెండు రోజులు డాబా మీద ఎండబెట్టి, ముక్కుకు కొంగు కట్టుకుని తుమ్ముతూ తొడిమలు తీసి, గిర్నీలో పట్టిస్తాం. నిజం చెప్పాలంటే కూలీ, ఆటో, గిర్నీ పోను ఇందులో మిగిలేది పెద్దగా లేదు. పొదుపు లెక్కలో రాయకండి. నాకు ఇష్టం, అంతే.

పెట్టుపోతల సంగతి అడిగారు. ఒడిబియ్యం, గృహప్రవేశాలకు చీరలు కొనడం మానేసి కవరులో డబ్బు పెడుతున్నాను. చీర అయితే “ఇంకొంచెం మంచిది” అంటూ షాపువాడు పైకి లాగుతాడు. కవరులో వేసే అంకె నా చేతిలో ఉంటుంది. మేడారం జాతర రెండేళ్లకోసారి ఎలాగూ వస్తుంది, కాబట్టి అది హఠాత్తు ఖర్చు కాదు. నిలువెత్తు బంగారం మొక్కుకుంటే బెల్లం ఎన్ని కిలోలో మనిషి బరువును బట్టి ముందే తెలుసు. ఇరవై నాలుగు నెలలకు పంచుకోండి. మొక్కు ఆపమని మాత్రం నేను చెప్పను.

చిట్టీ ఎత్తి లోన్లో కట్టొచ్చా అని వరంగల్ నుంచి ముగ్గురు అడిగారు. నాకు చిట్టీలంటే పడదు, నా మాట ఒక వైపే ఉంటుంది. ముందుగా పాడుకుంటే వదులుకునే డబ్బు, దాని మీద కంపెనీ కమీషన్ కలిపి చూస్తే, 8.5 శాతం మిత్తి తప్పించుకోవడానికి అంతకంటే ఎక్కువ ఇచ్చుకుంటున్నట్టే చాలాసార్లు తేలుతుంది. 2019 చట్ట సవరణతో కమీషన్ 7 శాతం దాకా తీసుకోవచ్చు. ఇప్పటికే చిట్టీ కడుతూ చివరికి వచ్చినవాళ్లయితే ఎత్తాక తెచ్చి లోన్లో వెయ్యండి. దీనికోసం కొత్తది మాత్రం మొదలుపెట్టొద్దు.

తొందర ఎందుకని అడిగేవాళ్లకు చివరి లెక్క. అదే లక్ష మూడేళ్ల దగ్గర కాకుండా పదేళ్ల దగ్గర కడితే తగ్గేది పది నెలలే, మిగిలేది లక్షా పాతిక వేలు. పదేళ్లకు కూడా బాకీ ఇంకా 17 లక్షల 50 వేలు ఉంటుంది, సగం కాలం అయిపోయినా.

అభ్యాసం. ఒక నోటుబుక్కు తీసుకుని మీ లోన్‌కు మొదటి 36 నెలలు చేత్తో రాయండి. బాకీ, మిత్తి, అసలు, కొత్త బాకీ, నాలుగు గళ్లు. కాలిక్యులేటర్ వాడుకోండి, కానీ యాప్‌లో రెడీగా వచ్చే షెడ్యూల్ చూసి ఎక్కించొద్దు. మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా రెండు సాయంత్రాల్లో రాసింది. పన్నెండో వరుస దగ్గర పెన్ను ఆపి, “అమ్మా, వీళ్లకు మనం ఊరికే ఇస్తున్నామా?” అంది. మీ ఇంట్లో ఆ ప్రశ్న ఎన్నో వరుసలో వస్తుందో రాసి పెట్టుకోండి. రాయడం అయ్యాక మీ ఆఖరి స్టేట్‌మెంట్‌తో పోల్చండి. రేటు మారిన నెల దగ్గర రెండూ విడిపోతాయి, దానికి కంగారు వద్దు. ఆ నెల నుంచి కొత్త రేటుతో మళ్లీ రాయాలి. అవును, మొత్తం.

కాజీపేట అక్కా, మీరు ముందు బ్యాంకుకు పోయి పాత ఈఎంఐకి మార్చమని కాగితం ఇచ్చి రండి. శనివారం పోతే అది రెండోదా నాలుగోదా చూసుకోండి, ఆ రెండు రోజులు మూసి ఉంటుంది. స్టాంపు పడ్డాక నాకు ఫోన్ చెయ్యండి.