రెండు లక్షల లోపు పాత కారు: హైదరాబాద్‌లో చూసి కొనడం ఎలా?

"ఒక్క రూపాయి పని లేదన్నా, పెట్రోల్ పోస్కొని పోవుడే."

హైదరాబాద్‌లో పాత కారు చూడ్డానికి వెళ్లిన ఎవరైనా ఈ మాట వినే ఉంటారు. దీని వెనకే వచ్చే ఇంకో మాట "డాక్టర్ సాబ్ బండి". ఈ ఊళ్లో అన్ని పాత ఆల్టోలు అమ్మినంతమంది డాక్టర్లు ఉన్నారా అని నాకెప్పుడూ అనుమానమే. రెండు లక్షల లోపు దొరికే బండిలో పని ఉండి తీరుతుంది. అది చేయించుకుంటే పోయే పనా, బండినే వదిలేసి రావాల్సిన పనా అన్నది తేల్చుకోవడానికే ఈ చూడ్డమంతా.

ముందు డబ్బు లెక్క. చేతిలో రెండు లక్షలుంటే లక్షా డెబ్బై దాటిన బండి జోలికి పోవద్దు. మిగతా ముప్పై వేలు టైర్లకి, బ్యాటరీకి, ఇన్సూరెన్స్‌కి, పేరు మార్పిడికి ఇట్టే అయిపోతాయి. ఆల్టో, వ్యాగనార్, శాంత్రో, ఐ10 లాంటివే చూడండి. రాణిగంజ్‌లోనో పుత్లీబౌలిలోనో సామాను దొరకాలి, మీ వీధి చివరి మెకానిక్‌కి ఆ బండి తెలిసుండాలి. అదే రేటుకి పెద్ద కారు వస్తోందని ఆశపడితే, ఒక్క హెడ్‌లైట్ మార్చాల్సి వచ్చిన రోజు సంగతి తెలుస్తుంది.

బయల్దేరే ముందే నెంబరు అడిగి తీసుకోండి. ప్లేటే సగం చెబుతుంది. ఏపీ 09 అని ఉంటే అది 2014 జూన్‌కి ముందు రిజిస్టరైన హైదరాబాద్ బండి, అంటే ఎంత ఆలస్యమైనా 2029 జూన్‌కల్లా దానికి 15 ఏళ్లు నిండుతాయి. నిండాక ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి ఒక్కసారిగా 5,000 రూపాయలైంది. ఎంపరివాహన్ యాప్‌లో నెంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ గడువు కనిపిస్తాయి. ట్రాఫిక్ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో బాకీలు కూడా చూడండి. చలాన్ల చిట్టా బారెడుందంటే ఆ బండిని ఎలా తోలారో వేరే చెప్పక్కర్లేదు.

ఢిల్లీ నెంబరు డీజిల్ బండి మరీ చవగ్గా కనిపిస్తే దానికో కారణముంది. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద ఆంక్షలు రావడంతో అవి బయటి రాష్ట్రాలకు చేరాయి. ఇక్కడి నెంబరు వేయించాలంటే అక్కడి నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం రావాలి, తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అవి కలిపితే చవక కాస్తా ఎగిరిపోతుంది.

చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి. "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దన్నా" అని ఫోన్‌లోనే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. నా మొదటి బండిని మధ్యాహ్నం రెండింటికి, వేడివేడిగా ఉన్నప్పుడు చూసి కొన్నాను. మర్నాడు పొద్దున మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తోస్తే గానీ కదల్లేదు. చల్లటి ఇంజన్ స్టార్టయినప్పుడు సైలెన్సర్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోందని, ఆ బండి వద్దు. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ లోపలికి పోతోందేమోనని అనుమానించాలి. ఆయిల్ మూత తీసి దాని అడుగు చూడండి, పాలు కలిసిన కాఫీ రంగులో జిడ్డు పేరుకుని ఉంటే ఆ అనుమానం బలపడినట్టే. ఇంజన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ లాగితే గొట్టంలోంచి పొగ గుప్పుగుప్పున కొడుతోందా? నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఈ ఊళ్లో అన్నిటికంటే భయపడాల్సింది నీళ్లలో మునిగిన బండికి. 2020 అక్టోబరు వానలకి సెల్లార్లలో నిలిచిన కార్లు పైకప్పుదాకా మునిగాయి. ఆ తర్వాత కూడా ఏదో ఒక వానాకాలం ఏదో ఒక సెల్లార్ నిండుతూనే ఉంది. ఒకసారి మా తమ్ముడి కోసం దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక వ్యాగనార్ చూడ్డానికి వెళ్లాం. తళతళలాడుతోంది, సీటు కవర్లు కొత్తవి, లోపల మల్లెపూల సెంటు. మావాడు అడ్వాన్స్ తీస్తున్నాడు. నేను ఊరికే డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని ఆఖరిదాకా లాగాను. మొదటి మూడడుగులు నల్లగా, శుభ్రంగా ఉంది. చివరి జానెడు మాత్రం ఎండిన చెరువు మట్టి రంగు, గోటితో గీకితే పొడి రాలింది. అమ్మే ఆయన "పిల్లలు చాయ్ పోసిన్రన్నా" అన్నాడు. బెల్టు చుట్టుకునే డబ్బాలోకి చాయ్ పోసే పిల్లల్ని నేనైతే చూడలేదు. అందుకే బెల్టు లాగడం, సీటు కింద పట్టాలకి తుప్పుందేమో తడమడం, స్టెప్నీ తీసి దాని కింద వేలు పెట్టి చూడడం మానొద్దు. మునిగిన బండికి ఇంజన్ బాగు చేస్తారు, వైరింగ్ రోగం మాత్రం మీ దగ్గరికొచ్చాకే మొదలవుతుంది.

యాక్సిడెంట్ సంగతి తలుపులు చెబుతాయి. తలుపు రబ్బరు కొంచెం ఊడదీస్తే కంపెనీ వేసిన వెల్డింగ్ చుక్కలు వరసగా, గుండ్రంగా కనిపించాలి. అక్కడ రేకు ఎగుడుదిగుడుగా ఉంటే కొట్టి సాపు చేశారన్నమాట. బంపరు గీతలు, డోరు సొట్టలు పట్టించుకోకండి, బేరానికి పనికొస్తాయి. అద్దాలన్నీ ఒకే కంపెనీవా, ఒకే ఏడాదివా అన్నది మూలనున్న ముద్రలో తెలుస్తుంది. టైరు మీద నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. మీటరు 40 వేలే చూపిస్తూ, క్లచ్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉంటే మీటరు వెనక్కి తిరిగిందనుకోండి.

నడిపి చూసేటప్పుడు కాలనీలో ఒక రౌండేసి సరిపెట్టకండి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ వైపు ఎక్కే రోడ్డులాంటిది దొరికితే ఏసీ వేసి ఎక్కించండి. ఇంజన్ మోత పెరిగి బండి కదలకపోతే క్లచ్ ప్లేట్ అయిపోయింది. అది మార్చుకోవచ్చు, రేటు తగ్గించమనండి. స్పీడ్ బ్రేకర్ మీద కటకటలూ అంతే. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ ఒక్క క్షణం వదిలితే బండి ఒక పక్కకే లాగుతుంటే మాత్రం చక్రాల అలైన్‌మెంటా, బండి చట్రం (ఛాసిస్) వంగిందా అన్నది మెకానిక్ చూసి చెప్పాలి. మెకానిక్‌ని మీరే తీసుకెళ్లండి. అమ్మేవాళ్లు పిలిపించిన మెకానిక్ ఆ పూటకి వాళ్ల బంధువే.

కాగితాల్లో మొదట ఆర్సీ మీది ఛాసిస్ నెంబరునీ బండి మీద కొట్టిన నెంబరునీ ఒక్కో అంకె చదివి పోల్చండి. ఆర్సీలో ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందన్న బ్యాంకు ఎన్ఓసీ, ఆర్సీలోంచి ఆ అప్పు తీయించే ఫారం 35 లేకుండా డబ్బివ్వొద్దు. పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద అమ్మేవాళ్ల సంతకాలు ఆర్సీలో పేరున్న మనిషే మీ ముందు పెట్టాలి. "ఓనర్ దుబాయ్‌ల ఉన్నడు, సైన్లు చేసే పోయిండు" అంటే ఆయన వచ్చాకే కొంటామనండి. మార్పిడి ఖర్చు ఎవరిదో బేరంలోనే తేల్చుకోవాలి. ఇన్సూరెన్స్‌ని కొన్న 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్పించుకోండి. క్లెయిమ్ చేయనందుకు పాత ఓనర్‌కి ప్రీమియంలో వచ్చిన తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, మీకు రాదు, ఆ తేడా కట్టాల్సి ఉంటుంది.

తాళం చేతికొచ్చేటప్పుడు రాసుకునే డెలివరీ కాగితంలో తేదీతో పాటు టైము కూడా వేయించండి. పొద్దున పదింటికి అమ్మినాయన సిగ్నల్ దాటేసి, పన్నెండింటికి బండి మీకిచ్చాడనుకోండి, ఆ చలానా రెండు రోజుల తర్వాత సైట్‌లోకి ఎక్కుతుంది. దాని మీద ఫొటో, టైము రెండూ ఉంటాయి.