వానలొచ్చేస్తున్నాయి, మీ రెండో డీలర్ ఎవరు?

పోయిన వారం చెన్నై మేడవాక్కంలో మా సైటుకు రెండు వీధుల అవతల ఒక స్లాబ్ సగంలో ఆగిపోయింది. మూడు లారీల రెడీమిక్స్ (ప్లాంటులోనే కలిపి తెచ్చే కాంక్రీటు) పడింది. సాయంత్రం వానకు రోడ్డు మీద నీళ్లు నిలిచి నాలుగో లారీ రాలేదు. వేరే ప్లాంటు నంబరు ఎవరి దగ్గరా లేదు. మిగతా సగం మర్నాడు పోశారు. ఇప్పుడు ఆ అతుకు వెంట నీరు కారుతోంది. చిత్తూరు వైపు నుంచి వచ్చి, అప్పు చేసి కట్టుకుంటున్న కుటుంబం వాళ్లది. చూస్తే కడుపు తరుక్కుపోయింది.

అసలైన వానలు ఇంకా మొదలే కాలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాలు. 2015లోనూ, 2023 మిచాంగ్ తుపానుకూ వేళచ్చేరి, పళ్ళికరణై ఎలా మునిగాయో ఇక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. బస్తాల మీద పట్టా కప్పడం కూడా మీకు తెలుసు. నేను చెప్పేది ఒక్కటే: సరుకంతా ఒకే డీలర్ చేతిలో పెట్టకండి.

మనవాడే కదా, అరువిస్తాడు కదా అని సిమెంటు, ఇసుక, కంకర, ఇనుము అన్నీ ఒకరికే అప్పజెప్తారు. రేటు పెరుగుతుందని మొత్తం అడ్వాన్స్ కూడా ఇచ్చేస్తారు. అతని గోడౌన్‌లోకి నీళ్లొస్తే నాలుగూ ఒకేసారి ఆగుతాయి. డబ్బు అక్కడే ఇరుక్కుంటుంది కాబట్టి ఇంకొకరి దగ్గరకు వెళ్లే దారీ ఉండదు. ఇద్దరు డీలర్లున్నారని ధీమాగా ఉండేవాళ్లనూ చూశాను. ఇద్దరూ చెంగల్పట్టు దగ్గర ఒకే క్రషర్ (రాయి కొట్టే మిల్లు) నుంచి తెస్తున్నారు. క్వారీ గుంటలో నీళ్లు నిండగానే ఇద్దరి లారీలూ ఆగిపోయాయి.

రెండో చోటి నుంచి ఇప్పుడే ఒక లోడు తెప్పించి క్యూబులు (బలం పరీక్షించే కాంక్రీటు దిమ్మెలు) పోయించండి. పూర్తి ఫలితానికి 28 రోజులు పడుతుంది. వానల మధ్యలో మొదలుపెడితే ఆ టైము ఉండదు.

భయపడి సిమెంటు గుట్టలు పోసుకోవడమూ తప్పే. మూడు నెలలు నిలవున్న బస్తా బలంలో దాదాపు అయిదో వంతు పోగొట్టుకుంటుంది. మూడు వారాలకు సరిపడా చాలు. బస్తాలు పదికి మించి పేర్చొద్దు. గోడలకు ఫ్లై యాష్ ఇటుకలు చూడండి. వానల్లో పచ్చి ఇటుక ఆరక మట్టి ఇటుకల బట్టీలు ఆగిపోతాయి. ఫ్లై యాష్ ఇటుకలకు కాల్పు అవసరం లేదు, థర్మల్ ప్లాంట్ల బూడిదా పనికొస్తుంది.

ఇక ఇవి చేయండి. రెండో రెడీమిక్స్ ప్లాంటుతో ఈ రోజే మాట్లాడండి, అది వచ్చే దారి వేరే ఉండాలి. చలానాలో లోడింగ్ టైము చూడండి, రెండు గంటలు దాటితే దింపుకోవద్దు. డ్రైవర్ నీళ్లు కలుపుతానంటే ఒప్పుకోవద్దు. మధ్యలో ఆగాల్సి వస్తే ఎక్కడ ఆపాలో ఇంజనీరు చేత సెంట్రింగ్ మీద ముందే గీత గీయించండి. పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటుకు మొదట్లో బలం నెమ్మదిగా వస్తుంది, సెంట్రింగ్ తొందరపడి విప్పొద్దు. కూలీల షెడ్లు పల్లంలో వేయొద్దు. మొత్తం అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఒకే డీలర్ మీద ఉండొద్దు. రేపు పొద్దున్నే మీ డీలర్‌ను అడగండి, నీ ఎం-శాండ్ (రాయి పొడిచేసి తీసే ఇసుక) ఏ క్రషర్‌ది అని. రెండోవాడినీ అదే అడగండి.