పిల్లికి షుగర్ అని తేలిందా? మొదటి నెల జాగ్రత్తలు

షుగర్ అని తేలిన పిల్లిని ఇంటికి తెచ్చిన రోజు అందరి చూపూ మీటర్‌లో కనిపించిన పెద్ద అంకె మీదే ఉంటుంది. 400 ఉంది, ఎలా దించాలి? మా పిల్లికి వచ్చినప్పుడు నేనూ అలాగే కంగారుపడ్డాను. నెల గడిచాక తెలిసొచ్చింది, భయపడాల్సింది ఆ పెద్ద అంకెకు కాదని. 400 ఉన్న పిల్లి నీళ్లు తెగ తాగుతుంది, మూత్రంతో ఇసుక ట్రే నింపుతుంది, తింటూనే చిక్కిపోతుంది. కానీ తింటూ తిరుగుతూ ఉన్నంతవరకు, రేపు డాక్టర్‌ని అడిగి చూద్దాం అనుకునే వ్యవధి ఇస్తుంది. 40కి పడిపోయిన పిల్లి గంట వ్యవధి కూడా ఇవ్వకపోవచ్చు. అందుకే కింద రాసినవాటిలో సగానికి పైగా ఇన్సులిన్ ఎక్కువ పడకుండా చూసుకోవడం గురించే ఉంటాయి.

ముందుగా, అసలు షుగరేనా అన్నది రూఢి చేసుకోండి. బుట్టలో పెట్టి, బండిలో తిప్పి, కుక్కల అరుపుల మధ్య కూర్చోబెడితే చాలు, ఆ బెదురుకే పిల్లి రక్తంలో చక్కెర బాగా పెరిగిపోతుంది. అందుకని ఒక్క రక్తపరీక్షతో తేల్చకుండా మూత్రంలో చక్కెర చూస్తారు, ఫ్రక్టోజమైన్ పరీక్ష చేయిస్తారు. ఫ్రక్టోజమైన్ దాదాపు ఒకటి రెండు వారాల సగటు చెబుతుంది కాబట్టి ఆ పూట బెదురు దాన్ని మార్చలేదు. ఇన్సులిన్ మొదలుపెట్టే ముందు ఇది చేశారా అని అడగడంలో తప్పులేదు. ఈ మధ్య దురదకో ఆయాసానికో స్టెరాయిడ్ వాడి ఉంటే ఆ సంగతి మీరే గుర్తుచేయండి. స్టెరాయిడ్ వల్ల వచ్చిన షుగర్ కొన్ని పిల్లుల్లో ఆ మందు మాన్పించగానే దిగివస్తుంది. చిగుళ్ల జబ్బు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఇన్సులిన్ సరిగా పనిచేయదు. వాటిని వదిలేసి మోతాదు పెంచుకుంటూ పోవడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

సిరంజి సంగతి

అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు ఇక్కడే జరుగుతుంది కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

ఇన్సులిన్ రెండు చిక్కదనాల్లో దొరుకుతుంది. జంతువుల కోసం తయారుచేసే ప్రోజింక్, కానిన్సులిన్ వంటివి యు-40, అంటే ఒక మిల్లీలీటర్‌లో 40 యూనిట్లు. మనుషులకు వాడే గ్లార్జిన్‌ను పిల్లులకూ రాస్తారు. అది ఎక్కువగా యు-100. సిరంజిలు కూడా దేనికి దానికే వేరు. యు-40 సిరంజికి సాధారణంగా ఎర్ర మూత, యు-100కి నారింజ రంగు మూత ఉంటాయి. యు-100 ఇన్సులిన్‌ను యు-40 సిరంజిలో ఒక గీత వరకు లాగితే లోపలికి వెళ్లేది 1 యూనిట్ కాదు, రెండున్నర యూనిట్లు. నాలుగు కిలోల పిల్లికి అది ప్రాణం మీదికి తెచ్చే తేడా. అటుదిటు చేసి యు-40 ఇన్సులిన్‌ను యు-100 సిరంజిలో లాగితే వెళ్లేది 0.4 యూనిట్ మాత్రమే. అప్పుడు షుగర్ దిగదు, మందు పనిచేయడం లేదని మోతాదు పెంచుతారు, ఎవరో ఒకరు సరైన సిరంజి తెచ్చిన రోజు కొంప మునుగుతుంది. కొత్త సీసా, కొత్త సిరంజిల పొట్లం తెరిచిన ప్రతిసారీ రెండింటి మీదా అంకె ఒకటేనా అని చూడండి. దుకాణంలో "ఇదీ అదే" అంటే నమ్మకండి. మూత రంగు చూసి సరిపెట్టుకోకుండా సిరంజి మీద అచ్చు వేసింది చదవండి.

అర యూనిట్ గీతలున్న 0.3 మిల్లీలీటర్ సిరంజి అడిగి తీసుకోండి. చాలా పిల్లులకు 1 యూనిట్‌తోనో అంతకంటే తక్కువతోనో, 12 గంటలకోసారి మొదలుపెడతారు. ఇంత చిన్న మోతాదులో సగం గీత కూడా పెద్ద తేడాయే.

సీసాను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టకూడదు. కలపడం మందును బట్టి మారుతుంది: గ్లార్జిన్ నీళ్లలా తేటగా ఉంటుంది, కలపక్కర్లేదు, మసకబారితే పారేయాలి. ప్రోజింక్‌ను అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. కానిన్సులిన్‌ను పాలలా అయ్యేదాకా ఊపమని కంపెనీయే చెబుతుంది. కాబట్టి ఇన్సులిన్‌ను ఊపకూడదని ఎవరైనా అంటే ఏ ఇన్సులిన్ గురించో అడగండి.

వేసేటప్పుడు

ముందు గిన్నె పెట్టండి. తినడం మొదలెట్టాక, తలదించుకుని ఉండగా సూది వేయండి. ఇందులో రెండు లాభాలున్నాయి: పిల్లి ధ్యాస గిన్నె మీద ఉంటుంది, తింటోందన్న సంగతి మీకు ముందే తెలుస్తుంది. మెడ వెనక కంటే పక్కటెముకల దగ్గర, నడుం పక్కల వదులు చర్మం మేలు. రోజూ చోటు మార్చండి. సూది అటునుంచి బయటికొచ్చి మందు బొచ్చులో పడటం కొత్తలో అందరికీ జరుగుతుంది. బొచ్చు తడిగా తగిలినా, వాసన వచ్చినా మళ్లీ వేయకండి. ఎంత లోపలికెళ్లిందో మీకు తెలియదు. ఆ పూట వదిలేసి, వచ్చే వేళకు మామూలు మోతాదు ఇవ్వండి. వేశామో లేదో గుర్తురానప్పుడూ ఇదే లెక్క. ఒక పూట తప్పితే పిల్లికి ఏమీ కాదు, రెండు మోతాదులు పడితే అవుతుంది.

మా ఇంట్లో ఒక ఉదయం నేను సూది వేసి స్నానానికి వెళ్లాను. బయటికొచ్చేసరికి మా అమ్మాయి సిరంజిలో మందు లాగి పిల్లిని వెతుకుతోంది. "నువ్వు మర్చిపోయావనుకున్నా నాన్నా" అంది. ఆరోజే ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించాం. వేసినవాళ్లు టైము, మోతాదు, ఎంత తిన్నదీ రాసి సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే అడగాలి, అడిగేవరకు వేయకూడదు. ఫోన్‌లో యాప్‌లు బోలెడున్నాయి గానీ, సీసా తీయబోయే చేతికి అడ్డొచ్చేది కాగితమే.

తినకపోతే ఏం చేయాలో మొదటి రోజే డాక్టర్‌ని అడిగి ఆ కాగితం మీదే రాసుకోండి. కొందరు సగం మోతాదు ఇమ్మంటారు, కొందరు ఆ పూట మానేయమంటారు; అది పిల్లిని బట్టీ ఇన్సులిన్‌ను బట్టీ ఉంటుంది. తినని పిల్లికి, వాంతి చేసుకున్న పిల్లికి అడక్కుండా పూర్తి మోతాదు మాత్రం వేయకండి.

తిండి మార్చడంలో ఉన్న మెలిక

పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. పిండిపదార్థాన్ని అరాయించుకునే ఏర్పాటు దాని కాలేయంలో మనకున్నంత లేదు. అందుకే మాంసకృత్తులు ఎక్కువ, పిండి తక్కువ ఉన్న తడి ఆహారం సూచిస్తారు. డబ్బా మీద పిండి శాతం చాలాసార్లు రాయరు, మనమే లెక్కేసుకోవాలి. ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద (అంటే ఖనిజాలు), ఈ ఐదూ కలిపి 100 లోంచి తీసేస్తే మిగిలేది పిండి. ఉదాహరణకు ఒక తడి ఆహారంలో ప్రోటీన్ 11, కొవ్వు 6, పీచు 1, బూడిద 2, తేమ 78 అనుకోండి. మొత్తం 98, పిండి 2. తేమ తీసేసి చూస్తే 22 పాళ్లలో 2, అంటే 9 శాతం. ఒక డ్రై ఫుడ్‌లో ప్రోటీన్ 34, కొవ్వు 14, పీచు 3, బూడిద 7, తేమ 8 ఉంటే పిండి 34. తేమ తీసేస్తే 37 శాతం. పొట్లం మీద ఎంత అందమైన మాటలున్నా ఈ కూడికకు తలొగ్గాల్సిందే. తడి ఆహారమే అయినా గ్రేవీ చిక్కగా ఉంటే లెక్కేసి చూడండి, ఆ చిక్కదనం పిండి కలిపితే వచ్చినది కావచ్చు.

ఇక మెలిక. ఇన్సులిన్ మోతాదు పాత తిండికి కట్టిన లెక్క. ఇవాళ చదివి, ఉత్సాహంతో రేపటి నుంచి డ్రై ఫుడ్ మొత్తం ఆపేసి తడి ఆహారానికి మారిస్తే, రక్తంలోకి వచ్చే చక్కెర ఒక్కసారిగా తగ్గుతుంది. మోతాదు మాత్రం పాతదే పడుతుంది. మంచి తిండే పిల్లిని లో షుగర్‌లోకి తోసేస్తుంది. మార్చాలనుకుంటే ముందు డాక్టర్‌కి చెప్పండి, వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చండి, ఆ రోజుల్లో ఇంట్లో షుగర్ చూడండి. మూత్రపిండాల జబ్బు కూడా ఉన్న పిల్లికి ఈ తిండి సరిపడకపోవచ్చు. అక్కడ సొంత వైద్యం వద్దు.

లావు తగ్గించాలన్న తొందరలో కడుపు మాడ్చకండి. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు తినకుండా ఉంటే కాలేయంలో కొవ్వు పేరుకుని, షుగర్ కంటే పెద్ద జబ్బు మొదలవుతుంది. వారానికి ఒంటి బరువులో 1 శాతం లోపు తగ్గితే చాలు. 6 కిలోల పిల్లికి అది 60 గ్రాములు. మనం ఎత్తుకుని నిలబడే తూకంలో 60 గ్రాములు తెలియవు, పసిపిల్లల తూకం కావాలి. కొత్త తిండి ముట్టకపోతే పాతదే పెట్టండి. కొన్నాళ్లు ఎక్కువ పిండి తిన్నా ఫరవాలేదు, అసలు తినకపోవడమే ప్రమాదం. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే గిన్నెలు వేరు, వీలైతే గదులు వేరు. లేకపోతే ఎవరెంత తిన్నారన్న లెక్క మీ దగ్గర ఉండదు.

మీటర్‌తో మాట్లాడించడం

చెవి అంచున ఉండే సన్నని నరం దగ్గర గుచ్చితే చుక్క రక్తం వస్తుంది. చెవి చల్లగా ఉంటే రాదు. వెచ్చటి గుడ్డ కాసేపు అద్ది గుచ్చండి. మనుషుల మీటర్ పిల్లి రక్తంలో ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంటుంది, పెంపుడు జంతువుల మీటర్ లెక్క వేరు. ఏది వాడినా ఒకటే వాడండి, ఏది వాడుతున్నారో డాక్టర్‌కి చెప్పండి.

సూది వేసే ముందు ఒకసారి చూడటం అన్నిటికంటే విలువైన అలవాటు. ఎప్పుడూ 300 ఉండే పిల్లికి ఒక ఉదయం 110 కనిపిస్తే, అలవాటు ప్రకారం వేసేయకుండా ఫోన్ చేస్తారు. షుగర్ బాగా కిందికి దిగేది సాధారణంగా సూది వేసిన 3 నుంచి 8 గంటల మధ్య, అప్పుడప్పుడు ఆ మధ్యలోనూ చూడాలి. ఒకటి రెండు పెద్ద అంకెలు చూసి మోతాదు పెంచుకోకండి. పిల్లి ఒళ్లు కొత్త మోతాదుకు సర్దుకోవడానికి రోజులు పడుతుంది, డాక్టర్లు కూడా సుమారు వారం ఆగిగానీ మార్చరు. తగ్గించాల్సి వస్తే మాత్రం వారం ఆగరు.

షుగర్ పడిపోతే

తూలుతూ నడవడం, ఉన్నట్టుండి విపరీతమైన ఆకలి, వణుకు, పిలిస్తే పలక్కుండా శూన్యంలోకి చూడటం, మూలల్లో దాక్కోవడం, ఆ తర్వాత ఫిట్స్. మీటర్‌లో 60 కంటే తక్కువ కనిపిస్తే పిల్లి మామూలుగా ఉన్నా సరే, ఊరుకోవద్దు. మీటర్ చేతికి అందకపోయినా, అనుమానం ఉంటే లో షుగర్ అనుకునే కదలండి.

మింగగలిగే స్థితిలో ఉంటే వెంటనే తిండి పెట్టండి. పక్కన పెట్టేసిన ఆ పిండి ఎక్కువున్న డ్రై ఫుడ్ ఇప్పుడు పనికొస్తుంది, ఒక గుప్పెడు డబ్బాలో దాచి ఉంచండి. తినకపోతే తేనె గానీ చిక్కగా కలిపిన గ్లూకోజ్ నీళ్లు గానీ చెంచాడు తీసుకుని కొంచెం కొంచెంగా చిగుళ్లకు రాయండి. స్పృహ లేకపోయినా చిగుళ్లకు రాయొచ్చు, గొంతులో మాత్రం పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వస్తున్నప్పుడు నోట్లో వేలు పెట్టకండి. షుగర్ ఫ్రీ తీపి ఎందుకూ పనికిరాదు. రాసి, ఆసుపత్రికి ఫోన్ చేస్తూ బయలుదేరండి. లేచి తిరుగుతున్నా సరే, వెళ్లండి: తేనె పని కాసేపే, ఇన్సులిన్ ఇంకా గంటల తరబడి పనిచేస్తుంది. తర్వాతి మోతాదు డాక్టర్ చెప్పేవరకు వేయవద్దు.

పెద్ద అంకెలోనూ తక్షణం పరిగెత్తాల్సిన స్థితి ఒకటుంది. తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, నీరసంగా పడుకుని, వేగంగా ఊపిరి తీస్తుంటే అది కీటోఅసిడోసిస్ కావచ్చు, అంటే ఒళ్లు చక్కెరను వాడుకోలేక కొవ్వును కరిగించడంతో కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పేరుకోవడం. మూత్రంలో కీటోన్లు చూపే స్ట్రిప్‌లు కొని ఉంచుకోండి. ఇన్సులిన్‌కు బదులు నోటి మందు, బెక్సాగ్లిఫ్లోజిన్ గానీ వెలాగ్లిఫ్లోజిన్ గానీ రాసి ఉంటే ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. అమెరికాలో 2022, 2023ల్లో అనుమతి పొందిన ఈ మందులు వాడేటప్పుడు చక్కెర అంకె బాగానే కనిపిస్తూ కీటోన్లు పెరగవచ్చు. మీటర్ బాగుంది కదా అని తినని పిల్లిని ఇంట్లో ఉంచుకోకండి.

కోలుకుంటున్నప్పుడు

షుగర్ వల్ల కాళ్ల నరాలు దెబ్బతిని, వెనక కాళ్లను మడమల దాకా నేలకు ఆనించి నడిచే పిల్లి మళ్లీ వేళ్ల మీద నడవడం మొదలెట్టడానికి నెలలు పట్టొచ్చు. నీళ్ల గిన్నె ఖాళీ కావడం, ఇసుక ట్రేలో మూత్రపు ఉండల సైజు అంతకంటే ముందే తగ్గుతాయి. కొన్ని పిల్లులకు, ముఖ్యంగా తొలి నెలల్లో షుగర్ అదుపులోకి వచ్చినవాటికి, ఇన్సులిన్ అక్కర్లేని రోజు కూడా వస్తుంది. ఆ రోజు చెప్పి రాదు. నిన్నటిదాకా సరిపోయిన 2 యూనిట్లు ఇవాళ ఎక్కువైపోతాయి. మా పిల్లి నీళ్లు తాగడం బాగా తగ్గిందని మేం సంబరపడుతున్న వారంలోనే ఒక సాయంత్రం మీటర్ 72 చూపించింది, సూదికి ముందు. ఆ పూట వేయలేదు. డాక్టర్ సగానికి తగ్గించారు, నెలన్నరకి పూర్తిగా ఆపించారు. ఇప్పుడూ వారానికోసారి చెవి గుచ్చి చూస్తాం, డ్రై ఫుడ్ దగ్గరికి రానివ్వం, ఏ కారణానికైనా స్టెరాయిడ్ రాయబోతే షుగర్ వచ్చి తగ్గిన పిల్లి అని ముందే చెబుతాం. ఫ్రిజ్ మీది కాగితం తీయలేదు.