స్తంభం కాక్టస్ పెంచాలనుకుంటే ముందు అది కొండదా తీరానిదా కనుక్కోండి

నిలువుగా స్తంభంలా ఎదిగే పెద్ద కాక్టస్‌లంటే నాకు ప్రాణం. చాలామంది ఇష్టపడే తెచ్చుకుంటారు, ఏడాదంతా బాగానే ఉంటుంది, రెండో ఏడాది ఒకరోజు చేత్తో పట్టుకుంటే మొదలు మెత్తగా తగుల్తుంది, అంతే, పోయినట్టే. ఏమైంది అని అడిగితే ఒకళ్లు "అసలు నీళ్లే సరిగ్గా పోయలేదండీ" అంటారు, ఇంకొకళ్లు "వారానికోసారి తప్పకుండా పోశానండీ" అంటారు. వీళ్లిద్దరూ మర్చిపోయింది ఒకటే, ఆ మొక్క ఎక్కడ పుట్టిందో కనుక్కోకుండా ఎడారి మొక్క కదా అని అన్నిటినీ ఒకే గాటన కట్టేశారు.

స్తంభం కాక్టస్‌లన్నీ ఒక్క రకం ఎడారి నుంచి రాలేదు. ఆండీస్ కొండలవి ఒక జట్టు. అర్జెంటీనా సాల్టా ప్రాంతంలో లాస్ కార్దోనెస్ అని 1996లో ఒక నేషనల్ పార్క్ పెట్టారు, అక్కడి కార్దోన్ స్తంభాల పేరే దానికి పెట్టారు. బొలీవియాలో ఉయూని ఉప్పు మైదానం సుమారు 3650 మీటర్ల ఎత్తులో ఉంటుంది, దాని మధ్యలో ఇన్కావాసి అనే రాతి దిబ్బ నిండా ఇవే. లేబుల్ మీద ట్రైకోసీరియస్ అని ఉండొచ్చు, ఎకినాప్సిస్ అని ఉండొచ్చు, ఈమధ్య ల్యూకోస్టెలే అంటున్నారు, కంగారు పడకండి, చివర్లో అటకామెన్సిస్ అనో పాసకానా అనో ఉంటే అదే ఇది. ఒళ్లంతా తెల్ల జుట్టుతో ఉండే ఓరియోసీరియస్ కూడా ఈ కొండలదే. అక్కడ పగలు ఎండ మాడ్చేస్తుంది, రాత్రి గడ్డకట్టే చలి, వాన పడేది వేసవి నెలల్లోనే, చలికాలం మొత్తం ఎండుగా పోతుంది.

తీరంవి ఇంకో జట్టు. చిలీలో అటకామా సముద్రతీరం పక్కనే హంబోల్ట్ అనే చల్లటి ప్రవాహం పోతుంది, దానివల్ల వాన దాదాపు ఉండదు గానీ పొగమంచు మాత్రం దట్టంగా కొండవాలు దాకా ఎక్కుతుంది, దాన్ని వాళ్లు కమంచాకా అంటారు. యూలిక్నియా స్తంభాలు ఆ మంచులోనే బతుకుతాయి, వాటి ముళ్లకి నాచులాంటి లైకెన్లు కుచ్చులు కుచ్చులుగా వేలాడుతుంటాయి. అక్కడ గడ్డకట్టే చలీ ఉండదు, ఒళ్లు కాలే వేడీ ఉండదు, గాలి మాత్రం ఆగదు.

ఇక మెక్సికో వైపు. బాహా కాలిఫోర్నియాలో పాకీసీరియస్ ప్రింగ్లీ ఉంది, దాన్నీ కార్దోన్ అనే అంటారు, బతికున్న కాక్టస్‌లలో అన్నిటికంటే ఎత్తు ఇదే, 19 మీటర్లు దాటినవి కొలిచారు. మట్టనేదే లేని రాతిలో కూడా వేళ్లు దించేస్తుంది, గాలిలో నత్రజనిని పట్టిచ్చే బ్యాక్టీరియా దాని వేళ్లని అంటిపెట్టుకుని ఉంటుంది. సోనోరన్ ఎడారి సాగ్వారో అందరికీ తెలిసిందే, దానికి చలికాలం ఒక వాన, వేసవిలో ఒక వాన. బ్రెజిల్ నుంచి వచ్చే నీలం రంగు పిలోసోసీరియస్ వేడిదేశపు మొక్క, రాత్రి 10 డిగ్రీల కిందికి పోతే దానికి ఇబ్బంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే మీరు పోసే నీళ్లు దీన్నిబట్టే ఉండాలి. కొండవాటిని చలికాలంలో పూర్తిగా ఎండబెట్టి ఉంచితే చలిని బాగా ఓర్చుకుంటాయి, అదే చలిలో వేళ్ల దగ్గర తడి ఉందంటే కుళ్లిపోతాయి. వాటికి అసలు కష్టం ఇంకో దగ్గరుంది, రాత్రిపూట కూడా ఉక్కపోత తగ్గని రోజులు. ఈ మొక్కలు పగలు తమ రంధ్రాలు మూసుకుని రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటాయి, పీల్చింది ఆమ్లంగా దాచుకుని మర్నాడు ఎండలో వాడుకుంటాయి. రాత్రి చల్లబడకపోతే ఆ పని మందగిస్తుంది, మొక్క పెరగదు, పెరగని మొక్క కుండీలో నీళ్లు అలాగే నిలబడతాయి. అందుకే బాగా ఉక్కగా ఉన్న వారాల్లో ఓరియోసీరియస్‌కీ కొండ కార్దోన్‌కీ నేను నీళ్లు తగ్గించేస్తాను, వేసవి కదా దాహం వేస్తుందిలే అని జాలిపడి పోయొద్దు. తీరపు యూలిక్నియాకి ఏడాది పొడుగునా కొంచెం కొంచెం సరిపోతుంది, ఎప్పుడూ ఎక్కువ వద్దు, గాలి ఆడకుండా ఉంచొద్దు. సాగ్వారో, ప్రింగ్లీ వేడిని బాగానే తట్టుకుంటాయి. పిలోసోసీరియస్‌కి వెచ్చగా ఉన్నన్నాళ్లూ మిగతావాటికంటే కాస్త ఎక్కువే పోయొచ్చు.

పోసేటప్పుడు మాత్రం చెంచాలతో పోయకండి. కుండీ అడుగునుంచి నీళ్లు కారేదాకా పోసేయండి, తర్వాత అడుగుదాకా ఎండిపోయేవరకు ముట్టుకోవద్దు. పైమట్టి చూసి ఎండిందనుకుంటే మోసపోతారు. ఒక సన్నటి వెదురు పుల్ల కుండీ పక్కగా అడుగుదాకా గుచ్చి ఉంచి, తీసి చూడండి, పుల్లకి మట్టి అంటుకున్నా, చల్లగా తగిలినా ఇంకా టైం ఉంది. చిన్న కుండీ అయితే ఎత్తి చూస్తే చాలు, నాలుగుసార్లు ఎత్తాక బరువు చేతికే తెలిసిపోతుంది. మొక్కని చూసినా తెలుస్తుంది, దాని ఒంటి మీద నిలువు మడతలుంటాయి కదా, హార్మోనియం తిత్తిలాగా, నీళ్లు తాగితే మడతలు విప్పుకుని లావవుతుంది, ఎండితే లోపలికి ముడుచుకుంటుంది. చలికాలంలో మడతలు లోతుగా అయ్యాయని భయపడి నీళ్లు పోసేవాళ్లున్నారు, దయచేసి ఆగండి, అది రెస్ట్‌లో ఉంది.

మట్టి గురించి పెద్దగా చర్చ అక్కర్లేదు. సగం కంటే ఎక్కువ రాయే ఉండాలి, ప్యూమిస్ గానీ పెర్లైట్ గానీ సన్న కంకర గానీ ముతక ఇసుక గానీ, మిగతాది ఏదైనా మామూలు కుండీ మట్టి. మెత్తటి సన్న ఇసుక వేయొద్దు, అది సిమెంట్‌లా గట్టిపడి గాలి పోనివ్వదు. కోకోపీట్ ఎక్కువున్న మిక్స్ ఒకసారి పూర్తిగా ఎండితే మళ్లీ నీళ్లు పట్టదు, పట్టిందంటే వదలదు, వీటికి రెండూ చెడ్డవే.

ఇప్పుడు వెలుతురు. నేను ఎక్కువ చెప్పాలనుకున్నది దీని గురించే. మామూలు చెట్టుకి ఆకులు పాడైతే రాలిపోతాయి, కొత్తవి వస్తాయి, మనం చేసిన తప్పు కనపడదు. స్తంభానికి అలా కుదరదు, ఒకసారి సన్నబడిన చోటు బతికున్నన్నాళ్లూ సన్నగానే ఉంటుంది. నా దగ్గరున్న ఒక కార్దోన్‌కి అడుగునుంచి జానెడు ఎత్తులో ఒక నడుము ఉంది, వేలు పెట్టి కిందనుంచి పైకి రాస్తుంటే అక్కడ లోపలికి జారుతుంది, ముళ్లు కూడా అక్కడ పొట్టిగా సన్నగా పాలిపోయి ఉంటాయి, దాటాక మళ్లీ గట్టి ముళ్లు మొదలవుతాయి. అది నేను దాన్ని ఒక చలికాలం చలికి భయపడి గదిలో వెలుతురు తక్కువున్న చోట పెట్టి, పైగా నీళ్లు కూడా పోసినందుకు వచ్చింది. వెచ్చదనం, నీళ్లు ఉండి వెలుతురు లేకపోతే మొక్క వెలుతురు వెతుక్కుంటూ సాగుతుంది, అలా సాగిన భాగం సన్నగా బలం లేకుండా తయారవుతుంది. ఇంకో సమస్య ఏంటంటే ఆ పైన పెరిగే బరువంతా ఆ సన్నటి నడుమే మోయాలి, గాలికి విరిగేది అక్కడే. కాబట్టి చలికి లోపల పెట్టక తప్పదంటే నీళ్లు పూర్తిగా ఆపేసి, వీలైనంత చల్లటి గదిలో పెట్టండి, 5 నుంచి 10 డిగ్రీలుంటే చాలా మంచిది, మొక్క పెరగకుండా ఆగిపోతుంది, నడుము రాదు. ఆ చల్లదనం కొండ, తీరం మొక్కలకే సుమా, పిలోసోసీరియస్‌ని మాత్రం 10 పైనే ఉంచండి.

అలాగని నీడలోంచి తీసి ఒక్కసారి మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టేయకూడదు. కాలిపోతుంది, ముందు తెల్లగా పాలిపోయి తర్వాత గోధుమరంగు అట్టలా మారుతుంది, అది కూడా జీవితాంతం మచ్చే. పొద్దుటి ఎండతో మొదలుపెట్టి మూడు నాలుగు వారాల్లో మెల్లగా పెంచండి. ఇంకో చిన్న పని, కుండీ మీద ఎండ పడే వైపు సుద్దతో ఒక గీత గీసుకోండి. మొక్కని జరిపినా, కుండీ మార్చినా ఆ వైపే ఎండకి తిప్పి పెట్టండి. ఎండకి అలవాటైన చర్మం ఆ వైపే గట్టిపడి ఉంటుంది, వెనకవైపు లేతది. పెద్ద సాగ్వారోలని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చేవాళ్లు కూడా దిక్కు గుర్తుపెట్టుకునే మారుస్తారు.

కుండీ వేర్ల ముద్దకంటే రెండు మూడు వేళ్లంత వెడల్పుంటే చాలు. పెద్ద కుండీ పెడితే త్వరగా పెరుగుతుందనుకుంటారు గానీ వేళ్లు అందుకోని మట్టి తడిగా మిగిలిపోతుంది, కుళ్లు అక్కడే మొదలవుతుంది. ఎత్తు పెరిగిన మొక్కకి బరువైన మట్టి కుండీ వాడండి, పైన కంకర పరవండి, పడిపోదు. నిలబెట్టడం కోసం కాండాన్ని మట్టిలోకి లోతుగా దించొద్దు, ముందెంత లోతులో ఉందో అంతే. పెద్దవి మార్చేటప్పుడు ఇద్దరుండాలి, పాత దుప్పటి గానీ మందపాటి ఫోమ్ గానీ చుట్టి పట్టుకోండి, కళ్లద్దాలు పెట్టుకోండి, ఇది మాత్రం నిర్లక్ష్యం చేయకండి, పెరూ తీరం వైపు పెరిగే నియోరైమోండియాకైతే ఒక్కో ముల్లు పాతిక సెంటీమీటర్ల దాకా కూడా ఉంటుంది. మార్చేముందు మట్టి ఎండి ఉండాలి, మార్చాక వారం రోజులు నీళ్లు పోయొద్దు, తెగిన వేళ్లు మానాలి. ఎరువు పెరిగే నెలల్లో నెలకోసారి, డబ్బా మీద రాసినదాంట్లో సగం కూడా వద్దు, నత్రజని తక్కువున్నది చూసుకోండి. ఎక్కువైతే ఉబ్బిపోయి నిలువునా పగుల్తుంది. పగిలితే మందేం అక్కర్లేదు, తడి తగలకుండా వదిలేస్తే బెరడు కట్టుకుంటుంది.

మొదలు దగ్గర గోధుమరంగు వచ్చిందని ఫొటోలు పంపి భయపడేవాళ్లు చాలామంది. గట్టిగా పొడిగా చెట్టు బెరడులా ఉండి కిందనుంచి మెల్లగా పైకి వస్తుంటే అది వయసు, కుళ్లు కాదు. వీటిలో నిజంగానే చెక్క ఉంటుంది, అటకామాలోని శాన్ పెద్రో చర్చి పైకప్పుకి కార్దోన్ చెక్కే వాడారు. కుళ్లు అయితే వేలితో నొక్కగానే మెత్తగా దిగుతుంది, రంగు నల్లగానో పసుపు తిరిగి నీరు నిండినట్టో ఉంటుంది, వాసన కూడా వస్తుంది.

కుళ్లు కనపడితే రేపు చూద్దాంలే అనొద్దు. పదునైన కత్తిని స్పిరిట్‌తో తుడిచి, మెత్తబడిన చోటుకి బాగా పైన అడ్డంగా కోయండి. కోసిన చోట మధ్యలో ఉంగరంలా ఒక వలయం కనపడుతుంది, దాంట్లో చిన్న నారింజరంగు చుక్క ఉన్నా కుళ్లు పైకి ఎక్కినట్టే, కత్తి మళ్లీ తుడిచి ఇంకో రెండు వేళ్ల పైన కోయండి, అంతా శుభ్రంగా కనపడేదాకా ఇలాగే. కోతకి అంచులు పెన్సిల్ చెక్కినట్టు కొంచెం ఏటవాలుగా చెక్కండి, లేకపోతే ఎండేటప్పుడు మధ్యభాగం లోపలికి గుంటలా పోతుంది, గట్టి అంచు బయటికి నిలబడి వేళ్లు పక్కల నుంచి వస్తాయి. గంధకం పొడి ఉంటే అద్దండి. తర్వాత నీడలో గాలి తగిలేచోట నిలువుగా నిలబెట్టి మూడు నాలుగు వారాలు వదిలేయండి. పడుకోబెడితే పైకి వంకర తిరుగుతుంది. కోత రాయిలా ఎండాక పొడి కంకరలో పైపైన నిలబెట్టి కర్రకి కట్టండి, ఇంకో రెండు వారాలకి కొద్దిగా తడపండి. కింద మిగిలిన మొద్దు ఆరోగ్యంగా ఉంటే పారేయకండి, పక్కనుంచి పిలకలు వేయొచ్చు.

జుట్టున్న రకాలకి, అంటే ఓరియోసీరియస్, పెరూ కొండల ఎస్పోస్టోవా లాంటివాటికి, పిండినల్లి పట్టిందంటే పైకి కనపడదు, అదీ తెలుపే జుట్టూ తెలుపే. మెత్తటి పెయింట్ బ్రష్‌తో జుట్టు పాయలుగా విడదీసి, ముళ్లు మొలిచే దూదిచుక్కల పక్కన చూడండి, పిండి చుక్కలాంటిది కదిలితే అదే. అదే బ్రష్‌ని 70 శాతం ఆల్కహాల్‌లో ముంచి రాయండి, ఎండ లేని టైంలో, వారానికోసారి చొప్పున మూడు నాలుగుసార్లు. చిగురు దగ్గర తుప్పులాంటి రంగు పాకుతుంటే ఎర్రనల్లి అనుకోండి.

కొనేటప్పుడు విత్తనంతో పెంచినదే కొనండి. కాక్టస్‌లు దాదాపు అన్నీ సైటెస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద ఉన్నాయి, అడవి మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసేది అదే, దేశం దాటించాలంటే పర్మిట్ కావాలి. అడవిలోంచి పీకినవి ఒంటినిండా పాత మచ్చలతో, నరికేసిన మొండి వేళ్లతో ఉంటాయి, అలాంటివి ముట్టుకోకండి, సాగ్వారోకి మొదటి కొమ్మ రావడానికే యాభై నుంచి డెబ్బై అయిదేళ్లు పడుతుంది.

ఓపికుంటే విత్తనం వేయండి, నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. విత్తనాన్ని మట్టి కప్పకుండా పైన చల్లాలి, వెలుతురు కావాలి, 20 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం, పైన మూత. ఒకటి రెండు వారాల్లో ఆకుపచ్చ పూసల్లా వస్తాయి, భూతద్దంతో చూస్తే నెత్తిన రెండు బుడిపెలు, మధ్యలో వెంట్రుకలాంటి మొదటి ముళ్లు. ఈ వయసులో మాత్రం వీటిని పూర్తిగా ఎండనివ్వొద్దు, నేరుగా ఎండలో పెట్టొద్దు, అక్కడ ఎడారిలో కూడా ఇవి ఏదో పొద నీడలోనే మొలుస్తాయి. మూత ఒక్కసారి తీసేయకుండా రోజుకి కొంచెం కొంచెం తెరుస్తూ నెల తర్వాత పూర్తిగా తీయండి. సాగ్వారో అయితే ఎడారిలో మొదటి ఎనిమిదేళ్లలో అంగుళం, అంగుళంన్నర, అంతే పెరుగుతుంది, కుండీలో కాస్త తొందరగానే వస్తుంది, అదే ట్రైకోసీరియస్ జాతివి చాలావరకు ఇంకా చురుగ్గా లేస్తాయి, మొదటిసారి వేసేవాళ్లు వాటితోనే మొదలుపెట్టండి.