ఫుట్‌బాల్ లెక్కలు – 4వ పాఠం: కాంట్రాక్టులో మిగిలిన ఏళ్లకు వెల కట్టడం

 

ఈసారి స్టేడియం ఆదాయం గురించి చెబుదామనుకున్నాను. కానీ ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో, ఈ పాఠాలు చదువుతున్న కుర్రాడొకడు ఇసుకలో ఆట మధ్యలో ఆపి వచ్చి, పెద్ద క్లబ్బులు ఆటగాళ్లకు రాసిచ్చే పొడుగు కాంట్రాక్టుల మీద ఒక ప్రశ్న అడిగాడు. దాంతో వరస మారింది.

“మాస్టారూ, ఎనిమిదేళ్లు రాసిచ్చేస్తే ఆడికి కదా లాభం! క్లబ్బుకేటి?”

మంచి ప్రశ్న. మొదట ఒక కొట్టు సంగతి చెబుతాను. మా బావమరిదికి డాబాగార్డెన్స్‌లో సెల్‌ఫోన్ల కొట్టు ఉండేది. ఇంకా ఏడేళ్లు లీజు ఉండగా దాన్ని వేరొకరికి అప్పగించాడు, గుడ్‌విల్ కింద మంచి మొత్తమే ముట్టింది. పక్క కొట్టాయన కూడా అదే నెలలో వదిలేద్దామనుకున్నాడు. బేరం ఇంకా బాగా సాగే కొట్టు అది. కానీ లీజు అయిదు నెలలే మిగిలింది. వచ్చినవాళ్లంతా టీ తాగి వెళ్లిపోయారు. అయిదు నెలలు ఆగితే బిల్డింగు ఓనరుతో నేరుగా మాట్లాడుకోవచ్చు కదా, మధ్యలో ఈయనకెందుకు ఇవ్వాలి? చివరికి ఆయనకు దక్కింది ర్యాకుల ఖరీదు, రెండు ఫ్యాన్ల ఖరీదు.

ఫుట్‌బాల్‌లో ఆ లీజే కాంట్రాక్టు. ఆటగాడిని తీసుకోవడానికి కొత్త క్లబ్బు పాత క్లబ్బుకు ఇచ్చే ట్రాన్స్‌ఫర్ ఫీజు ఆ గుడ్‌విల్ లాంటిది.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. కాంట్రాక్టు అయిపోయినా పాత క్లబ్బు డబ్బు అడిగేది, ఇవ్వకపోతే ఆటగాడిని కదలనిచ్చేది కాదు. బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్‌కు 1990లో లీజ్ క్లబ్బుతో కాంట్రాక్టు ముగిసింది. ఫ్రాన్స్‌లోని డంకర్క్ క్లబ్బుకు వెళ్దామంటే పాత క్లబ్బు అడ్డుపడింది. (ఊరి పేరే లీజ్. మన లీజు మాటతో కలిసి రావడం కాకతాళీయం!) ఆయన కోర్టుకెక్కాడు. 1995 డిసెంబరు 15న యూరోపియన్ కోర్టు తీర్పు వచ్చింది: కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు యూరోపియన్ యూనియన్‌లో మరో దేశపు క్లబ్బుకు ఫీజు లేకుండా వెళ్లవచ్చు. ఆ రోజు నుంచి కాంట్రాక్టు మీద తేదీకి వెల వచ్చింది. ఇప్పుడు ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధనల ప్రకారం కాంట్రాక్టులో ఆఖరి ఆరు నెలల్లోకి వచ్చిన ఆటగాడు వేరే క్లబ్బుతో ముందస్తుగా ఒప్పందం రాసుకోవచ్చు.

ఇక నోటుబుక్కు తీయండి. పేజీ మధ్యలో నిలువుగా గీత కొట్టి ఎడమవైపు ‘పుస్తక విలువ’, కుడివైపు ‘బజారు విలువ’ అని రాయండి. ఈ రెండూ ఎప్పుడూ ఒకటి కావు. పత్రికల్లో ట్రాన్స్‌ఫర్ వార్తలు రాసేవాళ్లలో కూడా చాలామంది వీటిని కలిపేస్తారు.

ఎడమవైపు నుంచి మొదలుపెడదాం. మన విశాఖలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) క్లబ్బు లేదు, కాబట్టి ఒకటి ఉందనుకుందాం. అది ఒక వింగర్‌ని 60 కోట్లకు, నాలుగేళ్ల కాంట్రాక్టుతో కొన్నది. ఆ 60 కోట్లూ మొదటి ఏడే ఖర్చు కింద రాయరు. ఏళ్ల మీద పంచుతారు. 60ని 4తో భాగిస్తే ఏటా 15 కోట్లు. దీన్ని తరుగు అందాం, అకౌంట్స్‌లో అమోర్టైజేషన్ అంటారు. ఏడాది గడిచేసరికి పుస్తకంలో 45, రెండేళ్లకు 30, మూడేళ్లకు 15, నాలుగేళ్లకు సున్నా.

ఇప్పుడు ఒక తమాషా చూడండి. మూడేళ్లయ్యాక వాడిని 20 కోట్లకు అమ్మితే పుస్తకంలో 5 కోట్ల లాభం. మొదటి ఏడాది చివరే 40 కోట్లకు అమ్మితే 5 కోట్ల నష్టం! చేతికి రెట్టింపు డబ్బు వచ్చినా నష్టమే. ఇక్కడ తికమకపడితే సిగ్గుపడక్కర్లేదు. ముప్పై ఏళ్లు అకౌంట్స్ రాసిన నాకే మొదటిసారి ఇది చూసినప్పుడు పెన్ను ఆగింది. ఇదే దారిలో ఇంకొకటి. క్లబ్బు తన అకాడమీలోనే పెంచిన కుర్రాడికి కొన్న ఖరీదు లేదు కాబట్టి పుస్తక విలువ సున్నా. అమ్మితే వచ్చినదంతా లాభం. ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీ 2023లో అలా పెంచిన మేసన్ మౌంట్‌ని మాంచెస్టర్ యునైటెడ్‌కు 5.5 కోట్ల పౌండ్లకు అమ్మింది, షరతుల మీద మరికొంత. అప్పటికి అతని కాంట్రాక్టు ఒక్క ఏడాదే మిగిలింది. ఆ డబ్బంతా లాభం ఖాతాకే వెళ్లింది.

ఎనిమిదేళ్ల కాంట్రాక్టు వెనక కిటుకు ఇప్పుడు మీకే తెలిసిపోవాలి. 2023 జనవరి ఆఖరున ఎన్సో ఫెర్నాండెజ్‌ని చెల్సీ 10.68 కోట్ల పౌండ్లకు ఎనిమిదిన్నరేళ్ల మీద కొన్నది. 10.68ని 8.5తో భాగించండి: ఏటా సుమారు 1.26 కోట్ల పౌండ్ల తరుగు. అదే అయిదేళ్లకు రాసి ఉంటే 2.14 కోట్లు. ఇంగ్లండ్ పెద్ద లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో క్లబ్బులు మూడేళ్లకు కలిపి 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం చూపకూడదన్న నిబంధన ఉండేది. అలాంటిచోట ఏటా ఒక్క ఆటగాడి మీద 88 లక్షల పౌండ్లు తగ్గడం చిన్న సంగతా? ఇతర క్లబ్బులు గొణిగాయి. తరుగును అయిదేళ్లకు మించి పంచకూడదని యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యూయెఫా 2023 జులై నుంచి కట్టడి పెట్టింది, అదే డిసెంబరులో ప్రీమియర్ లీగ్ కూడా. అప్పటికే రాసుకున్నవాటి జోలికి పోలేదు.

మరి ఆ కిటుకు పోయాక కూడా పొడుగు కాంట్రాక్టులు ఎందుకు రాస్తున్నారు? 2025 జనవరిలో మాంచెస్టర్ సిటీ తన స్ట్రైకర్ హాలండ్‌తో 2034 దాకా రాసుకుంది. జవాబు కుడివైపు కాలమ్‌లో ఉంది.

బజారు విలువకు భాగహారం లేదు. కొనేవాడి కుర్చీలో కూర్చుని ఆలోచించాలి. కాంట్రాక్టు మూడేళ్లకు పైగా ఉంటే కొనేవాడికి ఆగే దారి లేదు, అడిగినంత ఇవ్వాలి, లేదా వదులుకోవాలి. రెండేళ్లున్నప్పుడు అమ్మేవాడికి చెమటలు మొదలవుతాయి: కొత్త కాంట్రాక్టు రాయించాలా, ఈ వేసవిలోనే అమ్మేయాలా? ఏడాదే ఉంటే కొనేవాడు ఇచ్చేది ఆటగాడి ఖరీదు కాదు. ఏడాది ముందే చేతికి రావడానికీ, మధ్యలో ఇంకొకడు తన్నుకుపోకుండా ఉండడానికీ ఇచ్చే ఖరీదు. మన పక్క కొట్టాయన దగ్గర టీ తాగినవాళ్లు వేసుకున్న లెక్క సరిగ్గా ఇదే.

ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే సంగతి రెండు కాలమ్‌లలోనూ రాయాల్సింది. మొనాకో క్లబ్బు నుంచి పారిస్ క్లబ్బు పీఎస్‌జీ కొన్న ధర 18 కోట్ల యూరోలు. కాంట్రాక్టుకు ఏడాది ఉండగా, 2021 ఆగస్టులో, రియల్ మాడ్రిడ్ పెద్ద మొత్తం ఇస్తామంది. పీఎస్‌జీ అమ్మలేదు. 2022లో కొత్త కాంట్రాక్టు రాయించింది గానీ, అది పొట్టిది. 2024 వేసవిలో అతను అదే మాడ్రిడ్‌కు ఫీజు లేకుండా వెళ్లిపోయాడు. ఎడమ కాలమ్‌లో నష్టం సున్నా, ఎందుకంటే తరుగు అప్పటికే తీరిపోయింది. కుడి కాలమ్‌లో పోయినది ఎంతో 2021 నాటి ఆ బేరాన్ని బట్టి ఊహించుకోండి. పుస్తకం ఒక్కటే చదివేవాడికి ఈ నష్టం కనపడదు.

కాంట్రాక్టు పొడిగింపు లెక్క తేలిక. మన వింగర్‌కి రెండేళ్లయింది, పుస్తకంలో 30 ఉంది. రెండేళ్లు మిగిలి ఉండగా ఇంకో మూడేళ్లు కలిపితే మొత్తం అయిదు. 30ని 5తో భాగిస్తే ఏటా 6 కోట్లు. పదిహేను ఆరయింది, బజారు విలువా నిలబడింది. జీతం మాత్రం పెంచాల్సి వస్తుంది, అది మర్చిపోకండి.

ఆ జీతమే పొడుగు కాంట్రాక్టుకు రెండో వైపు పదును. 2000లో చెల్సీకి బార్సిలోనా నుంచి విన్‌స్టన్ బొగార్డ్ ఫీజు లేకుండా వచ్చాడు, నాలుగేళ్ల కాంట్రాక్టు. జీతం వారానికి సుమారు 40 వేల పౌండ్లని పత్రికలు రాశాయి. లీగ్‌లో ఆడింది 9 మ్యాచ్‌లు. అంత జీతం ఇచ్చే క్లబ్బు ఇంకొకటి దొరకలేదు, అతను నాలుగేళ్లూ ఉండిపోయాడు. చాలామంది అతన్ని ఆడిపోసుకున్నారు. నాకైతే అతని తప్పేమీ కనపడదు. సంతకం పెట్టింది ఇద్దరూ. ఎడమ కాలమ్‌లో సున్నా, కుడి కాలమ్‌లోనూ దాదాపు సున్నా, కానీ 40 వేలను 208 వారాలతో హెచ్చవేస్తే 83 లక్షల పౌండ్లు దాటుతుంది. అందుకే పేజీ అడుగున మూడో గడి గీయండి: ‘ఇంకా ఇవ్వాల్సిన జీతం’.

ఇది తిరగబడదా, ఆటగాడు ఎదిగిపోతే తక్కువ జీతానికి దొరికినట్టే కదా అంటారేమో. అంత సులువు కాదు. కోల్ పామర్ 2023 సెప్టెంబరులో చెల్సీకి ఏడేళ్లకు సంతకం పెట్టాడు. ఒక్క సీజన్ అదరగొట్టేసరికి 2024 ఆగస్టులోనే కొత్త కాంట్రాక్టు, 2033 దాకా. ఆట పడిపోతే కాంట్రాక్టు క్లబ్బును కట్టేస్తుంది. ఆట పెరిగితే మాత్రం మళ్లీ బల్ల దగ్గర కూర్చోవాలి.

ఎక్కడపడితే అక్కడ ఎనిమిదేళ్లు రాయలేరు కూడా. దేశపు చట్టం ఒప్పుకుంటే తప్ప ఫిఫా హద్దు అయిదేళ్లు. 18 ఏళ్లు నిండనివాళ్లకు మూడేళ్లే. బీచ్‌లో ఆడే మన కుర్రాళ్ల నాన్నలు ఈ వాక్యం ఇంకోసారి చదవండి.

ఇంటిపని: ఒక క్లబ్బు డిఫెండర్‌ని 48 కోట్లకు ఆరేళ్ల మీద కొన్నది. జీతం ఏటా 5 కోట్లు. రెండేళ్లయ్యాక 30 కోట్లకు బేరం వచ్చింది. తరుగు ఆరేళ్ల మీద రాస్తే లాభమా నష్టమా? అయిదేళ్ల మీద రాస్తే? మూడో గడి కూడా నింపి, మీరైతే అమ్ముతారో లేదో రెండు వాక్యాల్లో రాయండి. మొదటి రెండింటికీ జవాబులు వేరువేరుగా రాకపోతే భాగహారం మళ్లీ చేయండి.