ఎండలో పరుగెత్తేవారికి: టీషర్టుకు కండిషనర్ పెట్టకండి

కిందటి ఆదివారం మా పరుగు బృందంలో ఒకాయన ఏడో కిలోమీటరు దాటగానే కళ్లు తిరిగి కూలబడ్డారు. నీడకు చేర్చి, తడిగుడ్డలతో ఒళ్లు చల్లబరిచాక తేరుకున్నారు. ఎండా కారణమే, నీళ్లు తక్కువ తాగడమూ కారణమే. అవి అందరూ చెప్పేవే కాబట్టి వదిలేస్తాను. మర్నాడు ఉతికి ఆరేసిన ఆయన టీషర్టు మీద నీళ్లు చిలకరించి చూశాను. తామరాకు మీద బొట్లలా నిలబడ్డాయి! ప్రతి ఉతుకులోనూ కండిషనర్, అంటే బట్టలు మెత్తబడటానికి జాడించే నీళ్లలో కలిపే ద్రవం, పోస్తారట.

చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, అది ఆవిరి కావాలి. ఆవిరైన ప్రతి గ్రాము చెమటా సుమారు 2.4 కిలోజూళ్ల వేడిని తీసుకుపోతుంది. కారిపోయిన చెమట దండగ. పాలియెస్టర్‌కు సహజంగా నీరు పట్టదు. అందుకే దాంతో చేసే చాలా ఆటల టీషర్టులకు మిల్లులోనే ఒక పూత పూస్తారు. దానివల్ల చెమట పోగుల సందుల్లోకి పాకి, బట్టంతా పలచగా పరుచుకుని త్వరగా ఆరుతుంది. మనం కొని తెచ్చి, దాని మీద కండిషనర్ జిడ్డు పొర ఎక్కిస్తాం. చేతికి మెత్తగా తగిలేది ఆ జిడ్డే.

పరీక్ష సులువు. బట్ట లోపలివైపు ఒక్క నీటిబొట్టు వేయండి. కొన్ని క్షణాల్లో ఇంకిపోతే మంచిది. నిమిషం గడిచినా మెరుస్తూ అలాగే కూర్చుంటే ఆ టీషర్టు ఎండకు పనికిరాదు. కండిషనర్ లేకుండా మామూలు డిటర్జెంటుతో, గోరువెచ్చని నీళ్లలో రెండుమూడు సార్లు ఉతికి మళ్లీ చూడండి.

ఛాతీ నిండా ప్లాస్టిక్ ముద్ర ఉన్నది వద్దు. ముద్ర ఉన్నంత మేర గాలీ ఆడదు, ఆవిరీ పోదు. లోపల బ్రష్ చేసి నూగు లేపిన అల్లికను చలికాలానికి దాచుకోండి, ఆ నూగులో గాలి కదలకుండా నిలిచిపోతుంది. నీళ్లు అంటకుండా చేసే స్ప్రేలు కొట్టకండి. అంగట్లో చేత్తో తడిమి కొనకండి, పొడి చేతికి చెమట పట్టిన వీపు సంగతి తెలియదు. కండిషనర్ పోసిన నీళ్లలో మిగతా బట్టలతో కలిపి జాడించకండి. మంచి వాసన కోసం కూడా పోయకండి. ఒక్కసారికేమవుతుందిలే అని అసలే అనకండి. తువ్వాళ్లకూ వద్దు. పోటీ రోజున కొత్త టీషర్టు తొడుక్కోకండి, ముందు రెండు ఉతుకులు, ఒక బొట్టు పరీక్ష.